మిద్దె మీద ఎడారి ఆవ: దీన్ని బ్రాసికా అనవచ్చా?

ఎలహంక_మిద్దెతోట:
అందరికీ నమస్కారం. ఈ చలికాలం ఆవకూర కోసం మిద్దె మీద చల్లిన గింజలు మా తమ్ముడు బికనేర్ దగ్గర సంతలో కొని తెచ్చినవి. కుండీలో మొలిచినవన్నీ మామూలు ఆవ మొక్కలే గానీ, ఒక్కటి మాత్రం తేడాగా ఉంది. ఆకులన్నీ మొదట్లోనే మట్టికి అంటుకుని చుట్టూ పరుచుకున్నాయి. ముల్లంగి ఆకులా లోతుగా చీలి, జానెడు పైనే పెరిగాయి. తాకితే బిరుసు నూగు గుచ్చుకుంటుంది. మధ్య నుంచి లేచిన కాడకు ఆకులు దాదాపు లేవు, కొమ్మలే. పూలు బాగా చిన్నవి, వెలిసిపోయిన పసుపు. కాయ చివర పొడుగాటి ముక్కు ఉంది. ఫోనులోని మొక్కల యాప్ ఒక ఫొటోకు సహారా ఆవ అని, మరో ఫొటోకు అడవి ముల్లంగి అని చెప్పింది. వెతికితే శాస్త్రీయ నామాలు కూడా ఒకటికి రెండు కనబడుతున్నాయి. ఇంతకీ ఇది ఆవేనా? ఆవే అయితే పక్కనున్న ఆవకు దీనికి చుట్టరికం ఎంత దగ్గర? పుప్పొడి కలిసి నా ఆవ విత్తనం చెడుతుందా? ఫొటోలు కింద పెట్టాను.

తిరువాన్మియూర్_తులసి:
నాకు కుక్కవామింటలా కనిపిస్తోంది. చెన్నైలో మా వీధి చివరి ఖాళీ స్థలం నిండా అదే. పసుపు పూలు, ఒంటి నిండా నూగు, సన్నని నిలువు కాయలు. ఇక్కడివారు నాయ్‌కడుగు అంటారు, ఆ గింజలు తాలింపులో వేసేవారూ ఉన్నారు. బికనేర్ దాకా వెళ్లనక్కరలేదు, గింజ మీ కుండీ మట్టిలోనే ఉండి ఉంటుంది.

మల్లేశ్వరం_మాస్టారు:
తులసి గారూ, కుక్కవామింట ఆకు మూడు లేదా ఐదు చిరుఆకులుగా విడిపోయిన సంయుక్త పత్రం. ఈ ఫొటోలో ఉన్నది ఎంత చీలినా ఒకే ఆకు. అయినా ఫొటో చూసి తీర్పు చెప్పే అలవాటు నాకు లేదు. ముప్పయ్యేళ్లు బోటనీ పాఠాలు చెప్పినవాడికి యాప్ మాట చెవికెక్కదు.

అమ్మా, ఒక పువ్వు, ఒక ముదురు కాయ తెంపి, బ్లేడు, భూతద్దం దగ్గర పెట్టుకుని ఇవి చూసి చెప్పండి. కేసరాలు ఎన్ని, అన్నీ ఒకే పొడవా? కాయను అడ్డంగా కోస్తే మధ్యలో పల్చని పొర అడ్డు ఉందా? కాయ గోడ మీద, అంటే ఎండాక విడిపోయే తొడుగు మీద, పైకి తేలిన ఈనె ఒకటా, మూడా? అన్నిటికంటే ముఖ్యం, ఆ ముక్కును నిలువునా చీల్చండి. లోపల గింజ ఉందా, ఉత్తిదేనా? పక్కనున్న మామూలు ఆవ కాయను కూడా అలాగే చీల్చి పోల్చండి.

ఎలహంక_మిద్దెతోట:
చూశాను మాస్టారూ. కేసరాలు ఆరు, నాలుగు పొడుగు, రెండు పొట్టి. కాయ మధ్యలో తెల్లని కాగితం లాంటి పొర ఉంది, గింజలు దానికి రెండు పక్కలా ఉన్నాయి. తొడుగు మీద స్పష్టంగా కనిపించే ఈనె ఒకటే. కాయ మొత్తం ఐదారు సెంటీమీటర్లు, ముక్కు సెంటీమీటరున్నర దాకా ఉంది. గింజ ఉన్నచోటల్లా ఉబ్బి, మధ్యలో నొక్కినట్టు ఉంది. ముక్కు చీలిస్తే అందులోనూ ఒక గింజ! మామూలు ఆవ కాయ ముక్కు పొట్టి, అందులో ఏమీ లేదు.

మల్లేశ్వరం_మాస్టారు:
అయితే సందేహం లేదు. బ్రాసికా టూర్నెఫోర్టీ. యాప్ మొదటిసారి చెప్పిన సహారా ఆవ ఇదే.

ఎలా తేలిందో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నాలుగు పొడుగు, రెండు పొట్టి కేసరాలు, కాయ మధ్య పొర ఉన్నాయంటే ఇది ఆవ కుటుంబం, బ్రాసికేసీ. మా చిన్నప్పటి పుస్తకాల్లో క్రూసిఫెరె. నాలుగు ఆకర్షణపత్రాలు శిలువలా ఎదురెదురుగా ఉంటాయని ఆ పాత పేరు, ఇప్పటికీ చెల్లుతుంది. కుక్కవామింటకు కేసరాలు ఆరు కాదు, చాలా ఉంటాయి. కాయ మధ్య పొర ఉండదు. అక్కడే అది పక్కకు తప్పుకుంది.

తరువాత, కాయ రెండు భాగాలుగా ఉండి, పై భాగం ముక్కుగా మారడం ఆవ తెగ లక్షణం. ఆ తెగలో దాదాపు 50 ప్రజాతులున్నాయి. ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట దానిదే. ఈ తెగలో చాలావాటికి గింజ లోపల బీజదళాలు నిలువుగా మడతపడి వేరు మొగ్గను మధ్యలో పెట్టుకుంటాయి. మొలకెత్తినప్పుడు మీరు చూసే జంట ఆకులు, నడుమ నొక్కు పడినవి, అవే.

ఇక ఈ జాతి సంగతి. పూరేకు 4 నుంచి 7 మిల్లీమీటర్లు, ఎండితే దాదాపు తెల్లబడుతుంది. మామూలు ఆవ పూరేకు 8 మిల్లీమీటర్లు దాటుతుంది, రంగు కూడా నిండు పసుపు. దీని కాయ 3 నుంచి 7 సెంటీమీటర్లు, ముక్కు 10 నుంచి 16 మిల్లీమీటర్లు, అందులో ఒకటి రెండు గింజలు. పై ఆకులు కాడను చుట్టి పట్టుకోవు. అడుగు ఆకులు మాత్రం 30 సెంటీమీటర్ల దాకా పెరగగలవు. ఆకులన్నీ నేల దగ్గరే పరిచి కాడను బోడిగా వదిలేయడం ఈ మొక్క తీరు. వాన పడిన వెంటనే మొలిచి, తేమ ఉండగానే పూసి, కాసి, ఎండలు ముదిరేలోగా ఎండిపోతుంది. దీని సొంత నేల మధ్యధరా తీరం, ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా నుంచి మన వాయవ్య ప్రాంతం దాకా. రాజస్థాన్ ఇసుక నేలల ఆవ గింజల్లో దీని గింజ కలిసి రావడంలో వింత లేదు.

పేరు పెట్టింది మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ గువాన్, 1773లో. టూర్నెఫోర్ అనే ఫ్రెంచి పండితుడి పేరు మీద. లిన్నేయస్ కంటే ముందే ప్రజాతి అన్న భావనకు స్పష్టమైన రూపమిచ్చిన మనిషి ఆయన. అలాంటివాడి పేరున్న మొక్కకే ప్రజాతి తగాదా అంటుకోవడం తమాషా.

గిరినగర_గోంగూర:
తగాదా సంగతి తరువాత. కూర వండుకోవచ్చా లేదా?

హెబ్బాళ_విత్తనం:
నేను పంట మొక్కల ప్రజననం మీద పరిశోధన చేస్తున్నాను, ఆవ నా రోజువారీ పని. విత్తనం చెడుతుందా అన్న ప్రశ్నకు ముందు జవాబు: భయం అక్కర్లేదు. ఈ మొక్క ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది. సాగు ఆవతో దీన్ని కావాలని కలపడమే మాకు కష్టం. చాలాసార్లు పిండాన్ని గింజలోంచి తీసి గాజు పాత్రలో పెంచితే గాని సంకర మొక్క దక్కదు.

ఎందుకు కలవవో తెలియాలంటే 1935 నాటి త్రిభుజం చూడాలి. ఊ జాంగ్ చున్ అని, టోక్యోలో పుట్టిన కొరియా సంతతి శాస్త్రజ్ఞుడు, జపాన్‌లో నగహరు ఊ అనేవారు. ఆయన ఆరు ఆవ జాతుల లెక్క తేల్చాడు. మూడు మూల జాతులు. టర్నిప్, పచ్చ ఆవాలు ఉండే రాపాలో బీజకణానికి 10 క్రోమోజోములు, ఆ సమితికి ‘ఏ’ (A) అన్న అక్షరం. నల్ల ఆవ నైగ్రాలో 8, అది ‘బీ’ (B). క్యాబేజీ ఒలరేసియాలో 9, అది ‘సీ’ (C). ఇవి జతలుగా కలిసి, రెండు వైపుల క్రోమోజోములనూ పూర్తిగా ఉంచుకుని మూడు కొత్త జాతులయ్యాయి. మన వంటింటి ఆవ, జున్సియా, రాపా, నైగ్రాల కలయిక, 10 కి 8 కలిపితే 18. కనోలా నూనె గింజల నేపస్ 19, ఇథియోపియా ఆవ కారినాటా 17.

టూర్నెఫోర్టీకి కూడా 10 క్రోమోజోములే. అంతమాత్రాన అది రాపా కాదు. సంఖ్య ఒకటే గానీ క్రోమోజోములు వేరు, వాటికి ‘టీ’ (T) అని వేరే అక్షరం ఇచ్చాం. త్రిభుజంలో దానికి చోటు లేదు. అలాగని పంటతో సంబంధమే లేదనకండి. దీని కణద్రవ్యం ఉన్న ఆవ వంశాల్లో పుప్పొడి సరిగా రాదు. హైబ్రిడ్ విత్తనం తయారీకి మాకు కావలసింది అదే. ఎడారి మొక్క మగ వంధ్యత్వాన్ని ఇచ్చి పోయిందన్నమాట.

పత్రమంజరి:
బెంగళూరులో ఒక హెర్బేరియంలో ఎండు నమూనాలకు పేర్లు సరిచూసే పని నాది. ఫొటోలు చూశాను, మాస్టారు చెప్పిన జాతితో ఏకీభవిస్తాను. కానీ ముందున్న బ్రాసికా అన్న మాటను అంత నమ్మకంగా అనేయడం మీద నాకు అభ్యంతరం ఉంది. రేషన్ కార్డులో పేర్లన్నీ ఒకచోట ఉన్నంత మాత్రాన అందరూ ఒక తల్లి బిడ్డలు కారు. బ్రాసికా సరిగ్గా అలాంటి కార్డు.

నల్ల ఆవ కథే చూడండి. లిన్నేయస్ 1753లో దాన్ని సినాపిస్ నైగ్రా అన్నాడు. కోఖ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1833లో బ్రాసికాలోకి తెచ్చాడు. కాయ తొడుగు మీద ఒక ఈనె ఉంటే బ్రాసికా, మూడు నుంచి ఏడు ఉంటే సినాపిస్ అన్నది ఆ తరం గీత. చూడటానికి తేలిక, బడిలో చెప్పడానికి ఇంకా తేలిక. 1990ల నుంచి హరితరేణువుల డీఎన్ఏ పోల్చి చూసినప్పుడు ఆ గీత చెదిరింది. నల్ల ఆవకు దగ్గరి బంధువు క్యాబేజీ కాదు, పొలాల్లో కలుపుగా పెరిగే సినాపిస్. బ్రాసికా అనే జాతులు రెండు వేర్వేరు కొమ్మల మీద ఉన్నాయి, మధ్యలో ముల్లంగి, ఎరూకా లాంటి ఇతర ప్రజాతులు దూరి ఉన్నాయి. అందుకే 2021లో నల్ల ఆవను రాంఫోస్పెర్మమ్ అనే ప్రజాతికి మార్చారు. అందరూ ఒప్పుకోలేదు గానీ, వాదన బలమైనదే.

ఇప్పుడు దీని పర్యవసానం చూడండి. నల్ల ఆవ వేరే ప్రజాతి అయితే, మన పోపుల డబ్బాలో ఉన్న జున్సియా ఒక ప్రజాతి తల్లికి, ఇంకో ప్రజాతి తండ్రికి పుట్టిన బిడ్డ అవుతుంది. దాన్ని ఏ ప్రజాతిలో రాయాలి?

టూర్నెఫోర్టీ విషయానికొస్తే, ముక్కులో గింజ ఉందని స్పెయిన్ వారు కొందరు దాన్ని కోయిన్‌సియా అనే ప్రజాతిలో వేశారు. మీకు కనబడిన రెండో పేరు అదే అయి ఉంటుంది.

మల్లేశ్వరం_మాస్టారు:
కోయిన్‌సియా తొడుగు మీద మూడు ఈనెలుంటాయి. ఇక్కడ ఒకటే అని అమ్మాయి చూసి చెప్పింది. కాబట్టి ఆ మాట వదిలేద్దాం.

మిగతాదానికి నా జవాబు ఇది. డీఎన్ఏ కొమ్మలు గీసేవారి పనిని నేను తక్కువ చేయను. కానీ మిద్దె మీద నిలబడి భూతద్దంతో చూసే మనిషికి ఉపయోగపడని వర్గీకరణ సగం వర్గీకరణే. ఈనె లెక్కపెట్టవచ్చు, ముక్కు చీల్చవచ్చు. హరితరేణువును ఎక్కడ చీల్చమంటారు? పైగా పేరు మారిన ప్రతిసారీ విత్తన సంచుల మీద, కలుపు మొక్కల చట్టాల్లో, పాఠాల్లో అన్నీ మార్చాలి.

పత్రమంజరి:
భూతద్దంతో చూసేది గుర్తుపట్టడానికి. ప్రజాతి చెప్పేది పుట్టుక. రెండూ ఒకే లక్షణంతో తేలాలని నియమం ఎక్కడుంది మాస్టారూ? కుక్కవామింటనే చూడండి. మీరే ఆకు చూసి పక్కన పెట్టారు, సరే. కానీ పుట్టుకలో బ్రాసికేసీకి అన్నిటికంటే దగ్గరి కుటుంబం వామింటలదే. తులసి గారి చూపు పెద్దగా దారి తప్పలేదు.

తిరువాన్మియూర్_తులసి:
ధన్యవాదాలు మంజరి గారూ! నాయ్‌కడుగును తేలిగ్గా తీసుకోవద్దని నేను చెబుతూనే ఉన్నాను.

హెబ్బాళ_విత్తనం:
ఈ వాదనలో నేను మంజరి గారి వైపు, కానీ పూర్తిగా కాదు. ప్రజాతి సరిహద్దు సంకరానికి అడ్డు కాదని మా ప్రయోగశాల రోజూ చూపిస్తుంది. ముల్లంగి, ఎరూకా, మోరికాండియా, అన్నిటి నుంచీ ఆవలోకి లక్షణాలు తెచ్చారు. పెళ్లి కుదిరినంత మాత్రాన ఒకే ప్రజాతి అనలేం, కుదరనంత మాత్రాన వేరు ప్రజాతీ కాదు.

మోరికాండియా పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. అది కూడా ఎండ ప్రాంతాల ఆవ బంధువే. దాని కొన్ని జాతుల ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ వరి తరహాకు, జొన్న తరహాకు నడుమ దశలో ఉంటుంది. వెలుతురులో పోగొట్టుకునే బొగ్గుపులుసు వాయువును మళ్లీ పట్టుకునే ఏర్పాటు. అదే పనిని సాగు ఆవ చేత చేయించగలమా అని చాలామంది చూస్తున్నారు. ఎడారి ఆవల గురించి అడిగితే నేను ముందు చెప్పేది దీని గురించే, టూర్నెఫోర్టీ రెండోది.

గిరినగర_గోంగూర:
అయ్యా, నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

మల్లేశ్వరం_మాస్టారు:
వస్తోంది. లేత ఆకు కొన్నిచోట్ల తింటారు, విషం కాదు. కానీ రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో పసుపు పువ్వు కనబడగానే ఆవ అనుకుని కోయకండి. బ్రహ్మదండి కూడా పసుపు పువ్వే. దాని గింజ ఆవ గింజతో పొరపడేంత దగ్గరగా ఉంటుంది. కుటుంబం వేరు, గసగసాలది. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని వేలమంది కాళ్లు వాచి ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. గుర్తు సులభం. బ్రహ్మదండి కాడ విరిస్తే పసుపు పాలు కారతాయి, ఆకు అంచున ముళ్లుంటాయి. ఆవ కుటుంబంలో పాలు ఉండవు.

ఘాటు సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే వర్గీకరణకూ దానికీ సంబంధం ఉంది. ఆవ గింజ నమిలేదాకా ఘాటు లేదు. గ్లూకోసినోలేట్లు ఒక అరలో, వాటిని విరిచే మైరోసినేజ్ అనే ఎంజైము మరో అరలో ఉంటాయి. నూరినా, పురుగు కొరికినా రెండూ కలిసి ముక్కుకెక్కే నూనె పుడుతుంది. ఆవపిండి తడిపితే ఘాటెక్కడం, అవే ఆవాలు కాగిన నూనెలో చిటపటలాడితే ఘాటు పోయి కమ్మదనం మిగలడం ఇందుకే. వేడికి ఎంజైము చస్తుంది.

ఇదే రసాయనం మునగలో ఉంది. మునగ వేరు నమిలి చూడండి. బొప్పాయి గింజలోనూ ఉంది. నేను చదువుకున్న బెంథామ్, హుకర్ పద్ధతిలో ఆవ ఒకచోట, మునగ ఎక్కడో చివర, బొప్పాయి ఏకంగా కృష్ణకమలం తీగల కుటుంబంలో ఉండేవి. 1862 నుంచి 1883 వరకు వచ్చిన ఆ పద్ధతినే మన డిగ్రీల్లో చాలాకాలం చెప్పాం. ఈ మూడింటినీ ఇప్పుడు బ్రాసికేలీస్ అనే ఒకే క్రమంలో పెట్టారు. డీఎన్ఏ రాకముందే డాల్‌గ్రెన్ అనే ఆయన ఘాటును పట్టుకుని ఆ మాట అన్నాడు. కాబట్టి మంజరీ, నాలుకకు తెలిసింది కూడా సాక్ష్యమే.

పత్రమంజరి:
సాక్ష్యమే, కానీ ఒక్కటే చాలదు. పుత్రజీవి చెట్టులో కూడా గ్లూకోసినోలేట్లున్నాయి. అది ఈ క్రమంలోది కాదు, ఎక్కడో దూరాన ఉంది. ఘాటు రెండుసార్లు విడివిడిగా పుట్టింది. నాలుక మాట విని పుత్రజీవిని ఆవ పక్కన కూర్చోబెడతారా?

మల్లేశ్వరం_మాస్టారు:
కూర్చోబెట్టను. ఈ ఒక్కటి నీకే వదిలేశాను.

శివాజీనగర్_సలీమా:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మక్కా యాత్ర నుంచి మా పెద్దమ్మ తెచ్చిన మర్యం పువ్వు ఇంట్లో ఉంది. ఎండి గుప్పిటలా ముడుచుకుని ఉంటుంది, నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది. కాన్పు సమయంలో పక్కన పెట్టుకునే ఆచారం. అది కూడా ఆవ కుటుంబమేనని ఎవరో అన్నారు. నిజమేనా?

పత్రమంజరి:
నిజమే సలీమా గారూ. అనాస్టాటికా హీరోకుంటికా, బ్రాసికేసీలోదే, సహారా, అరేబియా ఎడారులది. కానీ బతికిన మొక్క తిరిగి లేవడం కాదు అది. చచ్చిన కొమ్మల కణజాలం నీరు పీల్చి విచ్చుకుంటుంది, వాన పడినప్పుడే గింజలు రాలేలా. అదే పేరు మీద అమెరికా ఎడారి సెలాజినెల్లాను కూడా అమ్ముతారు. దానికి పువ్వే పూయదు, కొనేటప్పుడు చూడండి.

ఎలహంక_మిద్దెతోట:
ఇంత విన్నాక మొక్కను ఉంచాలనే ఉంది. కాయలు పండేదాకా ఆగవచ్చా?

హెబ్బాళ_విత్తనం:
వద్దు. కాయలు పచ్చగా ఉండగానే వేళ్లతో తీసేయండి. ఈ మొక్కకు ఇంకో ముఖం ఉంది. 1927 నాటికే కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయలో నమోదైంది. పశ్చిమాసియా నుంచి తెచ్చిన ఖర్జూరం మొక్కలతో వచ్చిందని అనుకుంటారు. ఇప్పుడు మొహావీ, సొనోరా ఎడారుల్లో అక్కడి పూల మొక్కలకంటే ముందే మొలిచి, తేమంతా తాగేస్తోంది. ఎండిన మొక్కలు మంటకు మేత. పెద్ద మొక్క వేల గింజలు కాస్తుంది. గింజ తడిస్తే పైన జిగురు పొర వస్తుంది, చెప్పులకు, బండి చక్రాలకు అంటుకుని పోతుంది. ఆస్ట్రేలియాలోనూ ఇదే గొడవ. బెంగళూరు వానలకు ఇది అంతగా విజృంభిస్తుందని నేననుకోను, కానీ ఆ పరీక్ష మీ మిద్దె మీద జరగనక్కరలేదు.

పత్రమంజరి:
తీసేటప్పుడు నాకోసం ఒక నమూనా చేయండి. వేరు, అడుగు ఆకులు, పువ్వు, కాయ అన్నీ ఉండేలా మొక్క మొత్తం కావాలి. అడుగు ఆకులు లేని ఆవ నమూనాలతో నేను పడే పాట్లు చెప్పలేను. పొడవు ఎక్కువైతే కాడను మడిచి పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన బరువు వేసి, తడిసిన కాగితాలు రోజూ మార్చండి. పూరేకు రంగు ఇప్పుడే రాసుకోండి, ఎండితే తెల్లబడుతుంది. రాలిన గింజలకు చిన్న కాగితపు పొట్లం కట్టండి.

చీటీ మీద తేదీ, చోటు ఎలాగూ రాస్తారు. దానితో పాటు, కుండీలో పెరిగింది, గింజ బికనేర్ సంత నుంచి వచ్చింది అని తప్పకుండా రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే, రేపు ఎవరో ఈ నమూనా చూసి ఎలహంకలో ఎడారి ఆవ అడవిగా పెరుగుతోందని పట్టికలోకి ఎక్కిస్తారు. అలాంటి రాతలు చెరపడానికి తరాలు పడుతుంది.

ఎలహంక_మిద్దెతోట:
తప్పకుండా. మరి పేరు దగ్గర ఏమి రాయను? మీ ఇద్దరిలో ఎవరి మాట?

మల్లేశ్వరం_మాస్టారు:
బ్రాసికా టూర్నెఫోర్టీ గువాన్. గువాన్ అన్న మాట వదలకండి.

పత్రమంజరి:
మాస్టారు చెప్పినట్టే రాయండి. ఇప్పటికి చెల్లుతున్న పేరు అదే. ఎప్పుడైనా మారితే మీ చీటీ తీయం, దాని పక్కనే కొత్త చీటీ అంటిస్తాం. చీటీకి చోటు ఉండేలా మొక్కను కాగితం కుడి మూలకు తోసేయకుండా అంటించమని మాత్రం మనవి.

ఎలహంక_మిద్దెతోట:
సరే. ఆదివారం తీస్తాను. గోంగూర గారూ, మీకు పక్క కుండీలోని మామూలు ఆవకూర పంపుతాను, అడ్రసు విడిగా సందేశం పెట్టండి.